గీతలు లేని ఇళ్ళు

పాపకు ఏదో పురుగు కుట్టి, ఆ పురుగు తన బట్టల్లోనే ఇంటికి వచ్చిందని తేలుతుందేమోనని ఆమె భయం. మొగుడు లారీ మీద వెళ్ళి రెండు రోజులు ఫోన్ చెయ్యకపోతే గుండె దడదడలాడుతుంది. ప్రయోగశాలలో మేడమ్ కాస్త ముఖం ముడుచుకుంటే పని పోయిందనుకుంటుంది. ఆ భయాలన్నీ వస్తాయి, పోతాయి. పాప భయం మాత్రం రొమ్ము మీద పెట్టిన రాయిలా కదలదు. ఆమె చేసే పని అలాంటిది మరి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుక్కల చెవుల్లోంచి, మేకల తొడల సందుల్లోంచి, పిల్లుల మెడల కిందినుంచి రక్తం తాగే గోమార్లు ఏరి స్పిరిట్ సీసాల్లో వేస్తుంది.

సాయంత్రం ఇంటికి రాగానే పాప రెండు చేతులూ చాచి పరుగెత్తుకొస్తుంది. ఆమె వెనక్కి జరుగుతుంది. "ఆగమ్మా, ఆగు" అంటూ గోడ వెంబడి నడిచి స్నానాలగదిలో దూరుతుంది. కట్టుకున్న బట్టలు అక్కడే విప్పి, తెల్ల గుడ్డ మీద దులిపి, కుట్టు కుట్టూ వేళ్ళతో తడిమి, మరిగే నీళ్ళల్లో ముంచుతుంది. అప్పటిదాకా తలుపవతల పాప ఏడుస్తూనే ఉంటుంది.

"కన్నకూతుర్ని ముట్టుకోవడానికి ఇన్ని తతంగాలేమిటే తల్లీ!" అని అత్తగారు వంటగదిలోంచి అరుస్తుంది. "రాజుల కాలంలో కూడా ఇంత కాపలా లేదు."

"మీకు తెలీదు అత్తయ్యా."

"నాకేం తెలుసు. నలుగురిని కన్నాను, నలుగురినీ బతికించాను. అంతకుమించి ఏమీ తెలీదు."

అత్తగారి ఒళ్ళో ఎప్పుడూ ఒక పసుప్పచ్చని పిల్లి ఉంటుంది. దాని పేరు దొర. పేరుకు తగ్గట్టు ఎవరు పిలిచినా పలకదు, ఎవరు తోసినా లేవదు. పగలంతా వీధిలో తిరిగి, పొద్దుగూకగానే వచ్చి పాప కాళ్ళ దగ్గర ముడుచుకుంటుంది. అక్కడినుంచి దాన్ని లేపాలని ఆమె చాలాసార్లు చూసింది. పాప గొల్లుమంటుంది, అత్తగారు అలుగుతుంది, దొర మాత్రం ఒక కన్ను తెరిచి మూసుకుంటుంది.

ఆమె పనిచేసే పరిశోధన బృందం ఈ వీధికి వచ్చిన రోజున, వ్యాను నడిపే బండన్న గుమ్మంలో నిలబడి అడిగాడు. "మీ ఇంట్లో ఏమైనా ఉన్నాయా చెల్లెమ్మా, కుక్కా పిల్లీ?"

"ఏమీ లేవన్నా" అని చెప్పేసింది.

అప్పుడు దొర లోపల బీరువా మీద నిద్రపోతోంది. దాని ఒంటి మీద పురుగులు ఏరే దువ్వెన పడితే ఊరుకోనని అత్తగారు అంతకుముందే చెప్పి ఉంది. కానీ అది సాకు. వెతికితే దొరుకుతుందేమోనని ఆమె వెతకలేదు. పురుగు బయటినుంచి రావాలి, తన బట్టల్లో రావాలి. అలాగైతే కనీసం కాపలా కాయొచ్చు. ఇంట్లోనే ఉంటే ఎక్కడని కాయడం?

*

గురువారం మధ్యాహ్నం ప్రయోగశాలలో ఆమె తెల్ల పళ్ళెం ముందేసుకుని కూర్చుంది. సీసాలోంచి ఒక్కో గోమారినీ సన్న కుంచెతో తీసి, భూతద్దం కింద పెట్టి, జాతికొక గిన్నెలో వేస్తోంది. రక్తం తాగినవి ఆముదం గింజల్లా ఉబ్బి ఉంటాయి. తాగనివి అటుకుల్లా పలచగా ఉంటాయి. వీటిలో ఒక రకానికి వీపు మీద తెల్లటి మచ్చ ఉంటుంది. పుస్తకంలో దానికి నోరు తిరగని పేరుంది గానీ ఇక్కడందరూ చుక్కది అంటారు. గోదాముల చుట్టుపక్కల ముగ్గురు మనుషులకు జ్వరం తెచ్చింది అదేనని అనుమానం.

"అక్కా, ఒక్కసారి ఇటు రా. నువ్వు ఏరినవన్నీ చివరికి ఏమయ్యాయో చూద్దువు గాని."

పిలిచింది లెక్కలమ్మాయి. ఈ మధ్యే చేరిన పరిశోధక విద్యార్థి. వీధుల్లో తిరగడం అయిపోయాక వచ్చింది కాబట్టి ఆ పిల్ల ఒక్క కుక్కనూ తాకలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని గీతలు గీస్తుంది. జుట్టులో ఎప్పుడూ ఒక పెన్సిల్ దోపి ఉంటుంది, అది ఉందని మరచిపోయి బల్లంతా ఇంకో పెన్సిల్ కోసం వెతుకుతుంది.

తెర మీద ఎడమవైపు వరసగా కొన్ని గుండ్రాలు, కుడివైపు ఇంకొన్ని. మధ్యలో దారాలు చిక్కుపడ్డట్టు గీతలు.

"ఇటు జంతువులు. ఏ ఇంటివి ఆ ఇంటి కింద కలిపేశాను. అటు పురుగులు. ఈ పురుగు ఆ జంతువు మీద దొరికితే ఒక గీత. అంతే. ఎవరి మీద పడి ఎవరు బతుకుతున్నారో దీంట్లో తెలిసిపోతుంది."

"చుట్టరికాలన్నమాట."

"సరిగ్గా చుట్టరికాలే. కాకపోతే పిలవకుండా వచ్చి, తిని, కూర్చునే చుట్టాలు."

"మా అత్తగారి తరఫువాళ్ళు" అంది ఆమె. లెక్కలమ్మాయి పకపకా నవ్వింది.

ఆమె చూపు ఎడమ వరస మధ్యలో ఆగింది. అక్కడొక గుండ్రం మిగతావాటికంటే నాలుగింతలు లావుగా ఉంది. అన్ని గీతలూ దాని దగ్గరే ముడిపడ్డాయి. చుక్కదాని గీతలైతే దాదాపు అన్నీ అక్కడివే.

"ఇదెవరిల్లు?"

"గోదాముల వెనక చివరిది. పరుపులు కుట్టే ఆవిడదట."

వెనకనుంచి మేడమ్ వచ్చి నిలబడింది. ఎక్కువ మాట్లాడదు, మాట్లాడితే పని మాటే. "సోమవారం ఈ పటం ఆరోగ్యశాఖకు ఇవ్వాలి. జ్వరాలకు మూలం ఎక్కడో చూపించమని రోజూ ఫోన్లు. ఇది చూపిస్తే ఆ ఇంటి జంతువుల్ని తీసుకెళ్ళిపోతారు."

"తీసుకెళ్ళి ఏం చేస్తారు మేడమ్?"

మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "మళ్ళీ తెచ్చివ్వరు. ఆ ముగ్గురు జ్వరాలవాళ్ళల్లో ఒకరు పసిబిడ్డ. ఆస్పత్రిలో ఉంది. నీకూ పాపుంది కదా, నీకు చెప్పాలా?"

ఆమె తల ఊపి తన పళ్ళెం దగ్గరికి వచ్చేసింది. మూలం అక్కడుందంటే తనింట్లో లేనట్టే కదా అని ఒక్క క్షణం ఒళ్ళంతా తేలికపడింది. ఆ వెంటనే సిగ్గు ముంచుకొచ్చింది. అది పరుపుల పెద్దమ్మ ఇల్లు.

*

ఆ మధ్య అత్తగారికి మోకాళ్ళు పట్టేసి లేవలేకపోయిన వారంలో పాపను ఎక్కడ ఉంచాలో తోచక ఆమె ఏడుపు ముఖంతో పనికి వచ్చింది. ఆ రోజు బృందం పెద్దమ్మ వాకిట్లోనే ఉంది. పెద్దమ్మ ఏమీ అడగలేదు. పాపను చంకలోంచి లాక్కుని, ఏకిన దూది గుట్ట మీద పడుకోబెట్టింది. వారం రోజులూ పాప మబ్బుల మీద పడుకున్నట్టు పడుకుంది.

ఇప్పుడు పని ముగించుకుని అటే నడిచింది. పెద్దమ్మ వాకిలి మధ్య చాప పరిచి, జానెడు సూదితో పరుపు అంచు కుడుతోంది. జుట్టు నిండా దూది. పక్కన రెండు మేకలు. వాటిని పెద్దమ్మ అక్కా, చెల్లీ అని పిలుస్తుంది. మూడు కాళ్ళ కుక్క ఒకటి వచ్చి ఆమె పాదాలు వాసన చూసి, తోక ఊపి, మళ్ళీ నీడలో పడింది. దాని పేరు సింహం. గోడ మీద రెండు పిల్లులు, గంప కింద నాలుగు కోళ్ళు. అన్నీ ఎవరో వదిలేసినవే.

"పాపను తేలేదేం?" అంది పెద్దమ్మ తలెత్తకుండానే. "నువ్వొక్కదానివే వస్తే నాకేం లాభం?"

"పెద్దమ్మా, ఒక మాట చెప్తాను. నేను చెప్పానని ఎక్కడా అనకు."

"నాతో మాట్లాడేదెవరు, మేకలు తప్ప? అవి బయట చెప్పవులే."

చెప్పింది. పటం సంగతి, లావు గుండ్రం సంగతి, సోమవారం సంగతి. చెబుతున్నంతసేపూ పెద్దమ్మ చెయ్యి ఆగలేదు. సూది గుచ్చడం, అవతలినుంచి లాగడం, దారం బిగించడం. చివరి మాట విన్నాక మాత్రం దారం లాగబోయి ఆగింది.

"మీరొచ్చినప్పుడల్లా వీటి కాళ్ళు పట్టుకున్నది నేనే కదే" అంది.

"అవును పెద్దమ్మా."

"బెదిరిపోతాయని చెవుల దగ్గర కబుర్లు చెబుతూ కూర్చున్నాను. ఏదో చదువుకునేవాళ్ళు, మంచి పని అన్నారు కదా అని."

చెల్లి వచ్చి పెద్దమ్మ కొంగు నమలసాగింది. పెద్దమ్మ దాని నోట్లోంచి కొంగు మెల్లగా లాక్కుంది.

"పొద్దున వస్తారా, సాయంత్రమా?"

"తెలీదు పెద్దమ్మా. సోమవారం పటం ఇస్తారు. ఆ తర్వాత ఎప్పుడైనా."

"సరే. టీ తాగుతావా?"

"వద్దు. పాప ఎదురుచూస్తుంటుంది."

"వెళ్ళు మరి. దాన్ని కాపాడుకో" అని పెద్దమ్మ మళ్ళీ సూది అందుకుంది. ఆ మాటలో కోపం ఉందేమోనని ఆమె దారంతా ఆలోచించుకుంటూ ఇంటికి వెళ్ళింది.

*

శుక్రవారం పొద్దున్నే లెక్కలమ్మాయి మెట్ల దగ్గర ఎదురైంది. రాత్రి సరిగా నిద్ర లేనట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, ఆ గుండ్రం అంత లావెందుకైందోనని బండన్నని అడిగాను. వేరే ఇళ్ళు తలుపు తియ్యకపోతే ఏం చేసేవాళ్ళు అని. ఏమన్నాడో తెలుసా? రోజుకు ఇన్ని జంతువుల్ని దువ్వాలని లెక్క ఉండేదట. తక్కువైతే మేడమ్ ఊరుకోదు. అందుకని ప్రతిరోజూ చివర్లో పెద్దమ్మ ఇంటికి వెళ్ళి ఆ లెక్క నింపేసేవారట. నిజమేనా?"

నిజమే. అందులో తప్పేమీ ఉన్నట్టు అప్పుడు ఎవరికీ అనిపించలేదు. ఎప్పుడు వెళ్ళినా తలుపు తీసే ఇల్లు అదొక్కటే. నీళ్ళిస్తుంది, నీడలో కూర్చోమంటుంది. దువ్వినదాన్నే మళ్ళీ దువ్వినా దువ్విన లెక్కే కదా.

"అన్ని ఇళ్ళూ ఒకేలా చూసి పంపిన సంఖ్యలేనని నేనూ నమ్మేశాను" అని లెక్కలమ్మాయి తల పట్టుకుంది. అక్కడే పెన్సిల్ తగిలి తీసి చూసుకుంది. "పది సార్లు వెతికిన చోట పది గీతలొచ్చాయి. అసలు వెతకని చోట గీతే లేదు. గీత లేదంటే పురుగు లేదని కాదక్కా, చూడలేదని. మేడమ్‌తో చెప్పాను."

"ఏమంది?"

"ఆమెకూ అర్థమైంది. కానీ అనుమానం రాసి పంపితే ఆరోగ్యశాఖవాళ్ళు ఒప్పుకోరట, ఏదో ఒక ఇల్లు చూపించమంటారట. ఆదివారం సాయంత్రంలోపు మిగతా ఇళ్ళ జంతువుల్ని చూడగలిగితే పటం మళ్ళీ గియ్యమంది. లేకపోతే ఉన్నదే పోతుంది."

వ్యాను తుడుస్తున్న బండన్న గుడ్డ పిండుతూ అన్నాడు. "అప్పుడే తియ్యని తలుపులు ఇప్పుడు తీస్తారా? జ్వరాలని తెలిశాక మరీ బిగించుకుంటారు. తనింట్లో ఉందని ఎవడు చెప్పించుకుంటాడమ్మా?"

లెక్కలమ్మాయి చేతిలోని కాగితం చాపి మీ వీధి ఇదే కదా అంది. ఇళ్ళన్నీ చిన్న చిన్న చుక్కలు. సగానికి పైగా ఇళ్ళకు ఒక్క గీతా లేదు. "నీ ఇల్లు ఇది. ఇందులో ఎలాగూ జంతువుల్లేవు కాబట్టి పక్కన పెడదాం. పక్కింటివాళ్ళతో నువ్వు కాస్త మాట్లాడగలవా?"

ఆమె ఆ చుక్క వైపు చూసింది. "మాట్లాడతాను" అంది. దొర సంగతి మాత్రం చెప్పలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు సంచిలో పేల దువ్వెన, తెల్ల గుడ్డ, చిన్న పట్టకారు, రెండు సీసాలు పెట్టుకుంది. ఎప్పటిలాగే స్నానం చేసి, బట్టలు ముంచి బయటకు వచ్చింది. పాప దూకి మెడకు చుట్టుకుంది. పాపను ఎత్తుకునే అత్తగారి ముందుకు వెళ్ళి నిలబడింది.

"అత్తయ్యా, దొరని ఒకసారి ఇవ్వండి."

"ఎందుకు?"

"దువ్వాలి."

"నా పిల్లికి నీ దువ్వెనలేమిటే! వీధిలో కుక్కలన్నీ అయిపోయాయా?"

"అత్తయ్యా." ఆమె గొంతు వణికింది. "ఊరందరి ఇళ్ళల్లో వెతుకుతాను. మనింట్లో మాత్రం వెతకలేదు. నాకు భయం వేసి వెతకలేదు. ఇప్పుడు చూడకపోతే నాకు నిద్ర పట్టదు."

కోడలు ఎదురు మాట్లాడితే అత్తగారికి జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. కోడలు వణికితే ఏం చెయ్యాలో ఆవిడకు తెలియదు. కాసేపు చూసి, దొరను రెండు చేతులతో ఎత్తి చాప మీద పెట్టింది. "దానికి నొప్పి పుడితే నీ జుట్టు దువ్వుతాను ఆ దువ్వెనతో" అని మాత్రం అంది.

మెడ కింద ఏమీ లేదు. వీపు మీదనుంచి రెండు గెంతే పురుగులు పడ్డాయి గుడ్డ మీద, గోమార్లు కావు. కుడి చెవి మడత విప్పింది. పలచటి గోమారి ఒకటి. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలిపెట్టకుండా నిటారుగా లాగింది. దీపం దగ్గర పెట్టి చూసింది. వీపు మీద తెల్ల మచ్చ.

ఎడమ చెవిలో ఇంకొకటి. అదీ మచ్చదే.

"ఏమిటది?" అంది అత్తగారు. "మాట్లాడవేం? ఏమిటే అది?"

ఆమె వినలేదు. పాపను ఒళ్ళోకి లాక్కుని, గౌను విప్పేసి, వేళ్ళ సందులు, చంకలు, మోకాళ్ళ మడతలు, మెడ చూస్తోంది. పాపకు చక్కిలిగిలై కిలకిలా నవ్వుతోంది. జుట్టు పాయ పాయగా తీసింది. ఎడమ చెవి వెనక, జుట్టు మొదలయ్యే చోట, పుట్టుమచ్చ లాంటిది కనిపించింది. పాపకు అక్కడ పుట్టుమచ్చ లేదు.

అత్తగారు నోరు తెరిచి అరవబోయి, కోడలి ముఖం చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇన్నాళ్ళూ ఈ క్షణం వస్తే ఏమైపోతానో అనుకుంది. కాళ్ళు చచ్చుబడతాయనుకుంది, కేకలు పెడతాననుకుంది. కానీ చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఎడమ చేత్తో చర్మం బిగించి పట్టింది. పట్టకారు కొనలు చర్మానికి ఆనించింది. ఊపిరి బిగబట్టి నిటారుగా, మెల్లగా లాగింది. తల తెగకుండా వచ్చేసింది. ఇంకా ఉబ్బలేదు. సీసాలో వేసి, మూత బిగించి, పాప చెవి వెనక మందు నీళ్ళతో తుడిచింది.

"నా దొర..." అంది అత్తగారు. "నా పిల్లి నుంచి నా మనవరాలికా?"

"మీ పిల్లి కాదత్తయ్యా. వీధంతా తిరిగే పిల్లి. ఎక్కడిదో ఎవరికి తెలుసు? అన్ని ఇళ్ళల్లోనూ ఉండే ఉంటుంది."

"నీ బట్టల్లో వస్తుందని నువ్వు రోజూ ఉడకబెడుతుంటివి."

"ఉడకబెడుతుంటిని" అంది ఆమె. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

శనివారం తెల్లవారగానే పాపను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. జ్వరం లేదు. కొద్దిరోజులు ఒళ్ళు చూస్తుండండి, వేడెక్కితే వెంటనే తీసుకురండి అన్నాడాయన. అక్కడినుంచి నేరుగా లెక్కలమ్మాయికి ఫోన్ చేసింది. "నా ఇంటిని పక్కన పెట్టొద్దమ్మాయ్. మాకు పిల్లి ఉంది. అబద్ధం చెప్పాను."

లెక్కలమ్మాయి మెల్లగా అడిగింది. "పాప ఎలా ఉంది?"

*

తలుపులు తెరిపించింది ఆమె కాదు, అత్తగారు.

సెలవు రోజైనా లెక్కలమ్మాయీ బండన్నా వచ్చారు. మొదటి మూడు గుమ్మాల్లోనూ మా ఇంట్లో అలాంటివేం లేవమ్మా అనే మాట వినిపించింది. మూడో తలుపు మూసుకునేలోపు అత్తగారు మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి, తలుపు మీద చెయ్యి పెట్టింది. రెండో చేతిలో స్పిరిట్ సీసా.

"లేవంటావేమిటమ్మా? ఇది చూడు. నా మనవరాలి చెవి వెనకనుంచి తీశాం. రోజూ ఇల్లు కడుక్కునే నా ఇంట్లో ఉంటే, వారానికోసారి ఊడ్చే నీ ఇంట్లో ఉండదా?"

"అత్తయ్యా!" అంది ఆమె వెనకనుంచి.

"నువ్వుండవే. వదినా, నీ కుక్కని బయటికి తీసుకురా. పట్టుకోడానికి నేను సాయం చేస్తాను."

ఆ మాట వీధంతా పాకింది. పురుగుల పని చేసే పిల్ల ఇంట్లోనే దొరికిందట, అత్తగారే చెబుతోందట. ఇంక దాచేదేముంది? మధ్యాహ్నానికి జనం వాళ్ళంతట వాళ్ళే కుక్కల్ని తాళ్ళు కట్టి తెచ్చారు. ఒకాయన పంజరంలో కుందేళ్ళను తెచ్చి, వీటికి చెవులు పొడుగు కదా, జాగ్రత్తగా చూడండి అన్నాడు. మా పిల్లి పక్కింటి పిల్లి కంటే శుభ్రమని నిరూపించుకోవడానికే వచ్చిందొకావిడ. ఆవిడ పిల్లి మీదే అందరికంటే ఎక్కువ దొరికాయి. అవి పక్కింటివే అయ్యుంటాయి అంది ఆవిడ.

ఆమె వంచిన తల ఎత్తలేదు. దువ్వడం, దులపడం, ఏరడం, సీసాలో వెయ్యడం. బండన్న కాళ్ళు పట్టుకుంటే, లెక్కలమ్మాయి మొదటిసారి కుక్కను తాకి, భయం భయంగా చెవి మడత విప్పింది. అక్కడ పురుగును చూసి అయ్యబాబోయ్ అని కింద కూలబడింది. ఆదివారం కూడా అదే పని. ప్రతి వీధిలోనూ చుక్కది దొరుకుతూనే ఉంది.

మధ్యలో రెండుసార్లు పెద్దమ్మ గుర్తొచ్చింది. పరుగెత్తి వెళ్ళి, భయపడకు, మేం చూస్తున్నాం అని చెప్పాలనిపించింది. కానీ ఇంకా తేలలేదు కదా. చెప్పి ఆశ పెట్టాక మేడమ్ కాదంటే? ఒకసారి చెడ్డ కబురు మోసుకెళ్ళింది చాలు, రెండోసారి ఖాయమైన కబురుతోనే వెళ్దామనుకుంది. పైగా ప్రతి అరగంటకూ ఇంటికి పరుగెత్తి పాప నుదురు ముట్టుకుని చూడాలి. నుదురు చల్లగానే ఉంది.

*

సోమవారం మేడమ్ తెర ముందు చాలాసేపు నిలబడింది. పాత పటంలో ఉన్న లావు గుండ్రం ఎక్కడా లేదు. ఎన్నిసార్లు వెతికారో లెక్కేసి భాగించాక పెద్దమ్మ ఇల్లు మిగతా ఇళ్ళంతే అయింది, కొన్నిటికంటే చిన్నది కూడా. గీతలు మూడు వీధుల నిండా సాలెగూడులా పాకాయి. ఒకచోట ముడి వేసి ఇదీ మూలం అని చూపించే వీలు లేదు. ఒక చిన్న చుక్క నుంచి రెండు గీతలు బయలుదేరాయి. అది ఆమె ఇల్లు.

"ఒక ఇంటిని ఖాళీ చేస్తే పోయేది కాదిది" అంది మేడమ్. "వీధులన్నిటికీ మందు వెయ్యాలి. అదే రాస్తాను." కాస్త ఆగి, "ముందే చూసుకోవాల్సింది" అని, ఎవరి వైపూ చూడకుండా గదిలోకి వెళ్ళిపోయింది. సాయంత్రానికి ఆరోగ్యశాఖ నుంచి జవాబు వచ్చింది. ఇంటింటికీ మందు. ఏ జంతువునూ తీసుకెళ్ళరు.

ఆమె చేతులు కూడా కడుక్కోకుండా బయలుదేరింది. బండన్న వ్యాను తీస్తానన్నా ఆగలేదు. గోదాముల గోడ పొడవునా పరుగులాంటి నడక. ఎలా చెప్పాలో దారిలో మాటలు కూర్చుకుంది. అక్కకీ చెల్లికీ కూడా చెప్పు పెద్దమ్మా అని నవ్వుతూ మొదలుపెడదామనుకుంది.

వాకిలి శుభ్రంగా ఊడ్చి ఉంది. మేకలు లేవు. గంప బోర్లించి ఉంది, కింద కోళ్ళు లేవు. కుట్టడం అయిపోయిన పరుపు ఒకటి అరుగు మీద నిలబెట్టి ఉంది, ఇచ్చినవాళ్ళు వచ్చి తీసుకెళ్ళేలా. ఇంటి తలుపుకు తాళం.

ఎదురుగా బట్టలు ఇస్త్రీ చేసే ఆయన బండి దగ్గరినుంచి పలికాడు. "ఎవరి కోసమమ్మా? నిన్న తెల్లవారుజామునే వెళ్ళిపోయింది. తోపుడు బండి మీద సామాను, దాని మీద కుక్క, వెనక మేకలు. పిల్లుల్ని సంచుల్లో వేసుకుంది. ఒకటి సంచిలోంచి తల బయటపెట్టి నన్నే తిడుతోంది."

"ఎక్కడికి వెళ్ళింది?"

"అడిగాను. వీటిని ఎవరూ అడగని చోటికి అంది."

"ఆమెవాళ్ళు ఎవరైనా..."

"ఎవరున్నారు? ఉంటే ఈ మూల ఎందుకుంటుంది?" ఆయన ఇస్త్రీపెట్టె ఎత్తి, చొక్కా తిప్పాడు. "ఎవరో చెప్పారట, పట్టుకుపోతారని. ఆ చెప్పిన పుణ్యాత్ములెవరో గానీ, వాళ్ళ వల్లే వీటి ప్రాణం దక్కింది అనుకుంటూ పోయింది."

ఆమె అరుగు మీద కూర్చుండిపోయింది. నిన్న తెల్లవారుజామున తాను లేచే ఉంది. సీసాలు కడిగి ఆరబెడుతోంది. ఆ పని పావుగంట ఆలస్యంగా చేసి ఇక్కడికి ఒక్క అడుగు వేసి ఉంటే, ఖాయం కాని కబురైనా సరే చెవిన వేసి ఉంటే!

ఇంటికి వెళ్ళాక ఆ రోజు స్నానాలగదిలోకి పోలేదు. గుమ్మంలోనే పాప పరుగెత్తుకొస్తే ఎత్తుకుంది. విషయం విన్నాక అత్తగారు, "ఆ మోకాళ్ళతో బండి తోసుకుంటూ ఎంత దూరం పోయిందో" అంది. పెద్దమ్మకు మోకాళ్ళ నొప్పులున్నాయో లేదో అత్తగారికి తెలియదు. ఆ వయసు ఆడవాళ్ళకు ఉంటాయని ఆవిడ లెక్క.

అప్పటినుంచి బండన్న వ్యాను ఎక్కడికి వెళ్ళినా అడుగుతూనే ఉన్నాడు. లారీ మీద తిరిగే మొగుడికీ ఆమె ఫోన్లో ఆనవాళ్ళు చెప్పింది. పాప బాగానే ఉంది. ఆస్పత్రిలో ఉన్న పసిబిడ్డ కూడా ఇంటికి వచ్చింది. పెద్దమ్మ జాడ మాత్రం తెలియలేదు.

మీ వీధి చివరనో, ఏ గోదాము పక్కనో ఈ మధ్య కొత్తగా ఒకావిడ వచ్చి ఉంటే, జుట్టులో దూది ఉండి, పరుపులు కుడుతూ, రెండు మేకలతో, మూడు కాళ్ళ కుక్కతో ఉంటే, ఒకసారి లోపలికి వెళ్ళి చూడండి. తిన్నదో లేదో, ఒంట్లో ఎలా ఉందో అడగండి. అపరిచితులను చూసి మేకల్ని లోపలికి తోలుకుంటుందేమో, ఏమీ అనుకోకండి. వాకిట్లో కాసేపు కూర్చుని, వాటిని పట్టుకుపోవడానికి ఎవరూ రావడం లేదని, తిరిగి వచ్చెయ్యొచ్చని చెప్పండి.